మూలలు విడిచిన చేను

వానలు వెనుకబట్టి, తెల్లవారుజామున గడ్డిమీద మంచు కనబడే రోజులు వచ్చాయంటే మా ఇంట్లో గోడ క్యాలెండరుకు ఖాళీ ఉండదు. సెప్టెంబరు మొదలు నవంబరు వరకు మూడు కాగితాలూ పెన్ను గీతలతో నిండిపోతాయి. మక్కలు విరవడం, ఎండబోయడం, పత్తి మొదటి ఏరుడు, వరికోత, వడ్లు కాంటా పెట్టించడం. ఇవి పొలం పనులు. స్త్రీల సహవాస కూడికలు, సండే స్కూలు పిల్లలకు కంఠత వాక్యాల పోటీ, కోత పండుగ, సమాధుల పండుగ, ఆ వెనకాలే క్రిస్మస్ పాటల అభ్యాసం. ఇవి సంఘం పనులు. ఈ రెంటి మధ్యలో దసరా సెలవులు వస్తాయి. పిల్లలు హాస్టలు నుండి ఇంటికి వస్తారు.

మాది సిద్దిపేట దగ్గర ఒక చిన్న పల్లె. మూడెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. మాలో ఒకరు వ్యవసాయం చూసుకుంటారు, ఒకరు అంగన్‌వాడీ టీచరు. దేవుని కృపనుబట్టి ఇద్దరమూ సంఘంలో చిన్న చిన్న బాధ్యతలు మోస్తున్నాము. పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి, చిన్నవాడు ఆరో తరగతి. ఇద్దరూ వేరు వేరు గురుకుల పాఠశాలల్లో ఉండి చదువుకుంటున్నారు. ఇంట్లో మాతోపాటు పిల్లల నాయనమ్మ ఉంది. వయస్సు డెబ్బై ఎనిమిది. ఈ నాలుగు మాటలు మా గొప్పకు చెప్పడం లేదు. మాలాంటి కుటుంబాలు ఈ పత్రిక చదివేవారిలో ఎన్నో ఉంటాయి గనుక, మేము నేర్చుకున్న ఒక పాఠం మీతో పంచుకోవాలని వ్రాస్తున్నాము.

నాయనమ్మకు ఒకే ఒక కోరిక ఉండేది. పిల్లలను మెదక్ చర్చికి తీసుకుపోయి, అక్కడి రంగుల అద్దాల కిటికీలు తానే దగ్గరుండి చూపించాలని. ఆ కోరికకు కారణం ఉంది. ఆ గుడి కట్టేటప్పుడు ఆమె తాత అక్కడ రాళ్ళు మోసిన కూలి. 1914లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టారు. అది మొదటి ప్రపంచ యుద్ధపు రోజులు, కరువు రోజులు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఆకలితో ఉన్నవారికి ఊరికే పెట్టడంకంటె పని చూపి తిండి పెట్టడం మేలని తలంచి ఈ కట్టడం పని పెట్టారని మన పెద్దలు చెబుతారు. 1924 డిసెంబరు 25న దానిని ప్రతిష్ఠించారు. నాయనమ్మ మాత్రం పెళ్ళైన కొత్తలో తాతయ్యతో కలిసి ఒక్కసారే చూసింది. "లోపల నిలబడితే సూర్యుడు రంగులు పూసుకొని మనమీద పడ్డట్టుంటది బిడ్డా" అని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

మా ఊరినుండి సిద్దిపేట, అక్కడనుండి రామాయంపేట మీదుగా మెదక్. సిద్దిపేటలో బస్సు ఎక్కితే రెండు గంటల దారి. ఆ రెండు గంటల దారి పోవడానికి మాకు నాలుగేళ్ళు పట్టింది.

మొదటి ఏడు "ఈ దసరాకు తప్పక పోదాం" అన్నాము. సరిగ్గా ఆ వారమే ముసురు పట్టింది. రోడ్డుమీద ఎండబోసిన మక్కలకు టార్పాలిన్ పట్టాలు కప్పడం, తీయడంతోనే సెలవులు అయిపోయాయి. రెండవ ఏడు పత్తి ఒక్కసారి పగిలింది. ఏరడానికి కూలీలు దొరకలేదు. పిల్లలకు కూడా సంచులు కట్టి చేనులోకి దించాము. మూడవ ఏడు పొలం పని కొంచెం తెరిపి ఇచ్చింది గాని, సెలవుల్లో సండే స్కూలు పిల్లలకు మూడు రోజుల తరగతులు నడపమని అయ్యగారు అడిగారు. దేవుని పని గనుక కాదనలేకపోయాము. ఆ మూడు రోజులకు ముందు మూడు రోజులు ఏర్పాట్లు, తరువాత రెండు రోజులు లెక్కలు. ప్రతి ఏడూ నాయనమ్మ ఒకే మాట అనేది. "పోనీ తియ్యి కొడుకా, గుడి యాడికి పోతది? వచ్చే ఏడు పోదాం."

మేము చెప్పిన కారణాల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అదే మమ్మల్ని మోసగించింది. అబద్ధపు సాకు అయితే మనస్సాక్షి గద్దిస్తుంది. నిజమైన కారణం దొరికినప్పుడు మనస్సాక్షి నిద్రపోతుంది.

గుడి ఎక్కడికీ పోలేదు. పోయింది నాయనమ్మ చూపు.

ముందుగా మేము గమనించలేదు. గడప దాటుతూ పక్క స్తంభానికి భుజం తగిలించుకునేది. గ్లాసు పక్కన మజ్జిగ పోసేది. "వయస్సు మీద పడింది" అనుకున్నాము. ఒక ఆదివారం గుడిలో బెంచీ అంచు తగిలి పడిపోయింది. అప్పుడు కంటి ఆసుపత్రికి తీసుకుపోయాము. డాక్టరుగారు పరీక్షలు చేసి నీటికాసులు అన్నారు. కంటిలో ఒత్తిడివల్ల లోపలి నరం దెబ్బతింటుందట. నొప్పి ఉండదు, ఎర్రబడదు, అందుకే చాలామందికి తెలియదట. శుక్లమైతే ఆపరేషను చేసి చూపు తిరిగి తెప్పించవచ్చు. ఇది అలా కాదు. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలినది కాపాడుకోవడానికే మందు అని చెప్పారు. రోజూ చుక్కలు తప్పకుండా వేయాలన్నారు. నలభై దాటినవారు, ముఖ్యంగా రక్తసంబంధులు, కన్ను పరీక్ష చేయించుకోవాలని కూడా చెప్పారు. చదువరులు ఈ మాట మరచిపోవద్దని మనవి.

డాక్టరుగారు చెప్పిన ఇంకొక మాట మా మనస్సులో నాటుకుంది. ఈ జబ్బులో సాధారణంగా ముందుగా పోయేది అంచుల చూపు. ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది గనుక, పక్కలు పోతున్నట్టు మనిషికి తెలియదు. తెలిసేసరికి చాలా పోయి ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఊరు దగ్గరపడుతుండగా, "ఆ రంగుల అద్దాలు ఇక పిల్లలే చూడాలె" అన్నది. నింద లేదు ఆ మాటలో. నింద ఉంటే మాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ తరువాత వచ్చిన వేసవి సెలవుల్లో యాసంగి వరి కోయించాము. మిషను వచ్చేముందు మడి మూలలు కొడవలితో కోసి పెట్టడం మీకు తెలిసినదే. మూలల్లో మిషను తిరగదు. ఆ పనికి చిన్నవాడు కూడా వచ్చాడు. నాలుగు మూలలూ శుభ్రంగా కోసి, గుప్పెడు గంట కూడా విడవకుండా మోపు కట్టాము. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో లేవీయకాండము 19వ అధ్యాయము చదివే వంతు వచ్చింది. చేను కోసేటప్పుడు అంచుల వరకు పూర్తిగా కోయవద్దనీ, పరిగె ఏరుకోవద్దనీ, వాటిని బీదలకూ పరదేశులకూ విడువుమనీ దేవుడు తన ప్రజలకు ఇచ్చిన ఆజ్ఞ అందులో ఉంది. రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకున్నది ఆ ఆజ్ఞ బలంతోనే.

చిన్నవాడు వెంటనే అడిగాడు. "మరి ఇవ్వాళ మనం నాలుగు మూలలూ కోసినం గదా నాన్నా?"

మేము ఏదో సర్దిచెప్పబోయాము. మిషను సంగతి, కౌలు సంగతి. అప్పటివరకు తలవంచుకొని కూర్చున్న పెద్దమ్మాయి మెల్లగా అన్నది: "మీరు మా సెలవులు కూడా మూలల దాకా కోసేస్తరు."

అలా అన్నందుకు తనే భయపడి మళ్ళీ తల దించుకుంది. ఆ పిల్ల ఎప్పుడూ ఎదురు చెప్పే పిల్ల కాదు. హాస్టలునుండి ఫోను చేస్తే కూడా "బాగున్న" అని మాత్రమే చెబుతుంది. ఆ రాత్రి ప్రార్థన ముగించడానికి మాకు మాటలు రాలేదు. నాయనమ్మే ముగించింది.

పిల్లలు పడుకున్నాక మేమిద్దరం చాలాసేపు కూర్చున్నాము. పిల్లలకు ఫీజులు, బట్టలు, పుస్తకాలు తక్కువ చేయలేదు. ఆదివారం ఆరాధన తప్పించలేదు. అయినా ఆ పిల్ల అన్నది నిజం. సంవత్సరంలో వారు మాతో ఉండే దినాలు కొద్ది. ఆ కొద్దిలో కూడా పనికి మిగిలినదే వారికి ఇచ్చాము, పనికి ఎప్పుడూ ఏమీ మిగలదు. ఎదురుగా ఉన్న పనిమీదే కన్ను నిలిపి, పక్కన ఉన్నవారు చూపులోనుండి జారిపోతున్నా తెలియకుండా ఉన్నాము. నీటికాసులు నాయనమ్మ కంటికి వచ్చింది గాని, అంచుల చూపు మాకు కూడా పోయింది.

జూన్‌లో బడి తెరిచినప్పుడు సెలవుల జాబితా తెచ్చుకున్నాము. ఇంకా పత్తి గింజ పెట్టలేదు. విత్తకముందే క్యాలెండరులో దసరా సెలవుల్లోనుండి ఐదు దినాలు ఎర్ర పెన్నుతో గీటు పెట్టాము. ఆ ఐదు దినాలు కోయని మూలలు. పత్తి పగిలినా, మక్కలు ఎండకపోయినా, సంఘంలో ఏ ఏర్పాటు వచ్చినా వాటిని ముట్టకూడదని ప్రార్థన చేసి నిర్ణయించుకున్నాము. అయ్యగారికి కూడా ముందే చెప్పాము. ఆయన ఒక నిమిషం ఊరుకొని, "నేను కూడా మా ఇంట్లో అలా గీటు పెట్టవలసినవాడినే" అన్నారు.

మొదటి దినం మా ఊరి గుట్టకు సీతాఫలాలకు పోయాము. అది తంగేడు పసుపుగా, గునుగు తెల్లగా గట్లనిండా పూసే కాలం. బతుకమ్మకు పూలు కోసుకునే ఇరుగుపొరుగు పిల్లలు కూడా దారిపొడుగునా కలిశారు. పిల్లలు చెట్టు చెట్టూ వెదికి, కండ్లు విచ్చిన కాయలు ఏరి గంపలో వేశారు. నాయనమ్మను గుట్ట కింద వేపచెట్టు నీడన కూర్చోబెట్టాము. గంప ఆమె ముందు పెడితే, ఒక్కొక్క కాయను వేళ్ళతో తడిమి, "ఇది రేపటికి, ఇది ఎల్లుండికి, ఇది కండ్లు తెరవలే, ఎందుకు తెంపినవు?" అని మూడు కుప్పలు పెట్టింది. ఒక్కటి కూడా తప్పు కాలేదు. వడ్లలో కప్పి పెట్టినవి ఆమె చెప్పిన రోజుకే మాగాయి. చూపు తగ్గినప్పటినుండి "నేను దేనికీ పనికిరాను" అంటూ వచ్చిన మనిషి, ఆ సాయంత్రం ఇంటికి వస్తూ చిన్నవాడి భుజంమీద చెయ్యి వేసి కథలు చెబుతూ నడిచింది.

రెండవ దినం ఎక్కడికీ పోలేదు. ఇంట్లోనే ఉన్నాము. నాయనమ్మ పక్కన కూర్చొని చెబుతుంటే పెద్దమ్మాయి సర్వపిండి తట్టింది. మొదటిది గిన్నెకు అంటుకొని మాడిపోయింది. మాడినది నాన్న వంతు అని తీర్పు చెప్పారు. మధ్యాహ్నం వంటగదిలో ఉల్లిగడ్డలు కోస్తూ ఆ పిల్ల హాస్టలు సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. ఒక స్నేహితురాలితో మాటలు ఆగిపోయాయనీ, లెక్కల్లో వెనుకబడుతున్నాననీ, రాత్రులు ఏడుస్తున్నాననీ. మూడు నెలలుగా ఉన్న బాధ అది. మేము అడగలేదు. ఊరికే పక్కన కూర్చున్నాము. పిల్లల మాట కూడా వెలితి గిన్నెలోనే పడుతుంది. గిన్నె నిండా మన పనులే ఉంటే అది ఎక్కడ పడాలి?

మూడవది మెదక్ దినం. దాని ముందు రాత్రి ఆకాశం ఉరిమింది.

చేనులో ఎకరంన్నర పత్తి పగిలి తెల్లగా ఉంది. మరుసటి రోజు ఏరితే ఇల్లు చేరుతుంది. వాన పడితే రంగు మారుతుంది, తేమ పెరుగుతుంది. తేమ పన్నెండు శాతం దాటితే ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. అర్ధరాత్రి మేమిద్దరం వాకిట్లో నిలబడి మబ్బు చూస్తూ లెక్క వేసుకున్నాము. "ఇంకో రోజు పోదాం" అనే మాట ఇద్దరి నోటిదాకా వచ్చింది. ఇంట్లో చూస్తే పిల్లలు కొత్త బట్టలు తలగడ పక్కన పెట్టుకొని పడుకున్నారు. నాయనమ్మ మెలకువగా ఉంది. "వాన వస్తదా?" అని మాత్రం అడిగింది. ఆ అడగడంలో, మేము మానుకుంటామని ముందే ఒప్పుకున్నట్టుగా ఉంది. "వచ్చినా పోతున్నాం" అన్నాము. తెల్లవారి పొరుగింటి పెద్దాయన సంగతి విని, "మేము ఏరగలిగినంత ఏరుతం, మీరు పోయిరాండ్రి" అన్నాడు. ఆయన మన విశ్వాసంవాడు కాడు. అయినా ఆ ఉదయం దేవుడు మాకు చూపిన దయ ఆయన రూపంలోనే వచ్చింది.

పులిహోర, మిగిలిన సర్వపిండి, నాలుగు సీతాఫలాలు మూట కట్టుకొని బయలుదేరాము. 2023 డిసెంబరులో మొదలైన పథకంవల్ల ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి డబ్బు లేదు. ముగ్గురికి సున్నా టికెట్లు, ఒకరికి పూర్తి, ఒకరికి అర. "డబ్బులు పెట్టి వచ్చినోళ్ళం మనిద్దరమే నాన్నా" అని చిన్నవాడు దారిపొడుగునా గొప్పలు పోయాడు.

గుడి గోపురం దూరంనుండే కనబడింది. సుమారు 175 అడుగుల ఎత్తు. బూడిదరంగు రాతి కట్టడం. లోపల వెడల్పు నూరు అడుగులు, పొడవు రెండు వందల అడుగులు అంటే చిన్నవాడు నమ్మక అడుగులు వేసి కొలవబోయాడు, మధ్యలో లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. దాదాపు ఐదువేలమంది కూర్చొని ఆరాధించవచ్చు. మూడు పెద్ద కిటికీలూ ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ శాలిస్‌బరీ రూపకల్పన. బలిపీఠం వెనుక ప్రభువు ఆరోహణం, 1927లో అమర్చారు. ప్రభువు జన్మం కిటికీ 1947లో, సిలువ కిటికీ 1958లో వచ్చాయి. అంటే గుడి ప్రతిష్ఠ అయిన తరువాత కూడా ఆ మూడు కిటికీలు పూర్తి కావడానికి ముప్పై ఏళ్ళు దాటింది. రాళ్ళు మోసిన మొదటి కూలీలు ఎందరో వాటిని చూసి ఉండరు.

ఈ కిటికీల గుణం ఒకటి ఉంది. బయటనుండి చూస్తే నల్లని అద్దాల్లా ఉంటాయి. లోపలికి వచ్చి, బయట సూర్యుడు ఉంటేనే బొమ్మ కనబడుతుంది. మేము వెళ్ళినప్పుడు మబ్బు పట్టి ఉంది. బొమ్మలు తెలుస్తున్నాయి గాని మసకగా ఉన్నాయి. ఇంతదూరం వచ్చి ఇలా అయ్యిందేమా అనుకున్నాము.

నాయనమ్మను ముందు బెంచీలో కూర్చోబెట్టాము. పెద్దమ్మాయి ఆమె పక్కన కూర్చొని ఒక్కొక్క కిటికీ చెప్పడం మొదలుపెట్టింది. "పైన ప్రభువు ఉన్నాడు నాయనమ్మా, కింద శిష్యులు..." నాయనమ్మ మధ్యలో ఆపి, "రంగులు చెప్పు బిడ్డా, బొమ్మ నాకు యాదికున్నది" అన్నది. అప్పుడు ఆ పిల్ల రంగులు చెప్పసాగింది. నీలంలో ఎన్ని నీలాలున్నాయో, ఎరుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో. హాస్టలునుండి ఫోనులో రెండు మాటలకు మించి మాట్లాడని పిల్ల, అరగంటకు పైగా ఆగకుండా చెప్పింది. ఆ మధ్యలో మబ్బు కొంచెం విడింది. కిటికీ ఒక్కసారి వెలిగింది. పెద్దమ్మాయి మాట ఆపింది. నాయనమ్మ ముఖం అటు తిప్పి, "ఇప్పుడు వెలుగొచ్చింది గదా? నాకు తెలుస్తున్నది" అన్నది.

రంగులు ఆమెకు కనబడలేదు. అద్భుతం జరిగిందని మేము వ్రాయడం లేదు. వెలుగు వచ్చినట్టు మాత్రం ఆమెకు తెలిసింది. తరువాత లేచి, చిన్నవాడి చెయ్యి పట్టుకొని స్తంభం దగ్గరకు పోయి, రాతిమీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. "మా తాత చెయ్యి ఈ రాళ్ళల్ల యాడనో ఉన్నది" అన్నది. చిన్నవాడు కూడా తన చెయ్యి ఆమె చేతి పక్కన ఆనించాడు. ఆకలిరోజుల్లో అన్నంకోసం రాయి మోసిన మనిషికి, వంద సంవత్సరాల తరువాత మునిమనుమడి కొడుకువలె ఒక పిల్లవాడు వచ్చి ఆ రాయి ముట్టుకుంటాడని తెలిసి ఉంటుందా? అక్కడే ఐదుగురమూ మోకరించి ప్రార్థన చేశాము. మేమిద్దరం చేసింది ఎక్కువగా క్షమాపణ ప్రార్థనే.

చెట్టు కింద కూర్చొని మూట విప్పి తిన్నాము. ఇంటికి చేరేసరికి చీకటి పడింది. ఊళ్ళో నేల తడిగా ఉంది. మధ్యాహ్నం గట్టి వాన పడిందట. పొరుగువారు కొంత ఏరి మా వసారాలో పోశారు. మిగిలినది తడిసింది. ఆ పత్తికి ధర బాగా తగ్గింది. నష్టం నష్టమే. దేవుడు మరో దారిన రెట్టింపు ఇచ్చాడని చెప్పడానికి మాకేమీ జరగలేదు. మూల విడిచిన రైతుకు ఆ మూలలో గింజలు తగ్గుతాయి. విడవడం అంటేనే అది. అయినా ఆ రాత్రి లెక్క వ్రాసుకుంటుంటే, క్రితం మూడు దసరాలు మేము కాపాడుకున్న పత్తి డబ్బులు ఎటు పోయాయో మాలో ఒక్కరికీ జ్ఞాపకం రాలేదు.

నాలుగవ దినం సమాధుల తోటకు పోయాము. నవంబరు 2 నాటికి పిల్లలు హాస్టల్లో ఉంటారు గనుక ముందే తాతయ్య సమాధి దగ్గర గడ్డి పీకి, సున్నం వేశాము. ఆయన ఎలా పాడేవారో, ఎలా కోపగించుకునేవారో నాయనమ్మ చెప్పింది. ఐదవ దినం చెరువు కట్టమీద సాయంత్రం దాకా ఊరికే కూర్చున్నాము. చిన్నవాడు నీళ్ళలో రాళ్ళు విసిరాడు. ఏ పనీ చేయలేదు. ఆ రోజు గురించి వ్రాయడానికి ఏమీ లేదు. పిల్లలు హాస్టలుకు పోతూ ఎక్కువసార్లు తలచుకున్నది మాత్రం ఆ రోజునే.

నవంబరులో వానాకాలం వరి కోయించినప్పుడు మాట ప్రకారం నాలుగు మూలలూ కోయకుండా విడిచాము. మిషను డ్రైవరు ఆశ్చర్యపడ్డాడు. భూమిలేని ఒక విధవరాలు మా సంఘంలోనే ఉంది. ఆమె వచ్చి ఆ గంటలు కోసుకుంది. కోత పండుగ ఆదివారం అందరమూ గుమ్మడికాయలు, కోళ్ళు, వడ్ల సంచులు తెచ్చి బలిపీఠం ముందు పెట్టినప్పుడు, ఆమె ఆ వడ్లలోనుండి ఒక చేటెడు తెచ్చి పెట్టింది. ఆరాధన తరువాత వేలంలో ఆ చేట ఎంత పలికిందన్నది ముఖ్యం కాదు. మేము విడిచినది అనుకున్నది కూడా ఆమె చేతిలో అర్పణ అయ్యింది. మేము తలవంచుకొని కూర్చున్నాము.

ప్రియమైన చదువరులారా, దీనిని ఒక కొత్త ధర్మశాస్త్రంగా మీమీద పెట్టడం మా ఉద్దేశం కాదు. ఐదు దినాలు విడవగలిగిన ఇల్లు ఉంటుంది, ఒక్క పూట మాత్రమే విడవగలిగిన ఇల్లు ఉంటుంది. రోజుకూలి మీద బ్రతికేవారికి ఒక పూట అంటే ఒక పూట తిండి. ఎంత అన్నది దేవునికీ మీకూ మధ్య ఉన్న సంగతి. మేము నేర్చుకున్నది ఒకటే. మిగిలితే ఇద్దాం అనుకున్నది ఎన్నడూ మిగలదు. ప్రథమ ఫలాన్ని ఎలా ముందే తీసి పెడతామో, మూలను కూడా అలాగే ముందే విడవాలి. కోత మొదలైన తరువాత చెయ్యి ఆగదు. ఇంకొక మాట కూడా వినయంగా చెబుతాము. సంఘం పని ఎంత పవిత్రమైనదైనా, ఇంట్లోవారి మూలను కోసుకోవడానికి అది కొడవలి కాకూడదు. ఆ మూడవ ఏడు మేము పిల్లలకు దేవుని ప్రేమనుగూర్చి మూడు దినాలు పాఠాలు చెప్పాము. మా ఇద్దరు పిల్లలూ వెనుక వరుసలో కూర్చొని విన్నారు.

ఇప్పుడు రాత్రి ప్రార్థన తరువాత నాయనమ్మ కంటిలో చుక్కలు వేస్తాము. పిల్లలు ఇంట్లో ఉంటే ఆ పని చిన్నవాడిది. మేమిద్దరం కూడా కళ్ళు పరీక్ష చేయించుకున్నాము. పెద్దమ్మాయి ఫోనులో ఇప్పుడు "బాగున్న" తరువాత ఇంకొన్ని మాటలు మాట్లాడుతుంది. రాబోయే దసరాకు డోర్నకల్ పోవాలని ఎర్ర పెన్నుతో గీటు పెట్టాము. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారు కట్టించిన గుడి అది. 1939లో ప్రతిష్ఠించారు. హిందూ, ముస్లిం కట్టడాల తీరు కూడా అందులో కలిసి ఉన్నదని పిల్లలు చదివి చెప్పారు. నాయనమ్మ ఆ మాట విని, "అక్కడ స్తంభాలు ఎట్లుంటయో చెయ్యి పెట్టి చూస్త" అన్నది.

మా దినములకు అంచులు నియమించిన తండ్రీ, ఆ అంచుల్లో నీవు నిలిపిన మనుష్యులను చూచే కన్నులు మాకు, ఇది చదువుచున్న ప్రతి కుటుంబానికి దయచేయుము. ఆమేన్.